నాలుగోది

కౌడర్స్‌పోర్ట్ మెయిన్ స్ట్రీట్ చివర
మేకులూ మంచుపారలూ కుక్కల తిండీ అమ్మే కొట్లో
వెనక గోడకి
పాత యుద్ధాలు వరసగా ఆనించి ఉన్నాయి.

నా దగ్గర మూడువందల డాలర్లు.
స్కూల్ బస్సు తోలిన రోజులకే జీతం,
బడి మూస్తే చెయ్యి ఖాళీ.
బస్సుల మెకానిక్ లొరెట్టా అంది:
"ఒక్క జింక పడితే మార్చి దాకా మాంసం కొనక్కర్లేదు.
కొత్త తుపాకి నీకెందుకు,
సైన్యం వదిలేసింది చూద్దాం పద."

కొట్టాయన హోబర్ట్.
చెవిలో మిషను, గోళ్ళలో నూనె.

మొదటిది రష్యాది.
నిలబెడితే నా భుజం దాకా వచ్చింది.
చెక్క సందుల్లోంచి గ్రీజు ఇంకా చెమరుస్తోంది,
మూసిన పెట్టెలో యాభై ఏళ్ళు నిద్రపోయిన వాసన.
"మరిగే నీళ్ళు పోసి మూడు రోజులు తోమాలి."
తోమడం నాకు కొత్త కాదు.
కానీ బోల్టు
గాటికి రానన్న గేదెలా మొరాయించింది.

రెండోది స్వీడన్‌ది. అందగత్తె.
దీపం పెట్టి గొట్టంలోకి చూస్తే
మెలికలు మెలికలుగా వెలుగు నా కంట్లోకి దిగింది.
ధర చీటీ తిప్పాను.
నిద్రపోయిన పిల్లని పక్క మీద దించినట్టు
మళ్ళీ గోడకి ఆనించాను.

మూడోది ఇటలీది. మరీ చవక.
"దీని తూటాలు దొరకవు" అని ఆయనే ఒప్పుకున్నాడు,
"తుపాకి చవకే, దాని ఆకలి ఖరీదు."
లొరెట్టా నవ్వింది:
"మా ఇంటికి కుక్కపిల్ల ఊరికే వచ్చినట్టు."

నాలుగోది ఎవరూ అడగనిది.
మంచుపారల వెనక, మూలకి.
మొద్దు ముక్కు. ముదురు చెక్క.
చెక్క పగలకుండా అడ్డంగా దిగేసిన మర ఒకటి.
ఇనుము మీద అరిగిన అక్షరాలు
కళ్ళద్దాలు పెట్టుకోకముందే చదివేశాను.
ఇషాపూర్.

మా నాన్న బడగల కృపావరం,
ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబులు, పార్వతీపురం.
శనివారం సాయంత్రం ఆయుధాల గది అరుగు మీద
త్రీనాట్‌త్రీని ఒళ్ళో పెట్టుకుని తుడిచేవాడు.
"ముట్టుకోకు, దూరంగా కూచో."
దూరంగానే కూచున్నాను, పదేళ్ళు.
ముప్పై ఏళ్ళ సర్వీసులో పేల్చింది
అట్టబొమ్మల మీదే అనేవాడు.
మరి ఆ రాత్రి కొండ మీదికి వెళ్ళారు కదా, అన్నానొకసారి.
గుడ్డ నాలుగు మడతలు పెట్టాడు.
జవాబు మడతల్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు నా చెయ్యి, నన్నడక్కుండా,
బోల్టు ఎత్తింది, లాగింది, తోసింది.
టక్, సర్, టక్.
హోబర్ట్ చెవి మిషను సరిచేసుకున్నాడు.
"ఇంతకుముందు వాడావా?"
లేదన్నాను. నిజమే.

రెండువందల అరవై.
నంబర్లు కలిశాయి. గొట్టంలో ఒకచోట తుప్పు నీడ.
"పేల్చే ముందు గన్‌స్మిత్‌కి చూపించు.
మెత్తని ముక్కు తూటాలే కొను.
సైన్యం తూటా సూటిగా దూసుకుపోతుంది,
జింక ఆ గాయాన్ని మోసుకుంటూ
వాగు దాటి ఎక్కడికో పోతుంది."

సర్కారు కాగితంలో పుట్టిన చోటు రాయమన్నారు.
పార్వతీపురం ఆ గడిలో పట్టలేదు,
చివరి రెండక్షరాలు గీత దాటాయి.
తుపాకి పుట్టిన చోటు దాని మెడ మీదే ఉంది.
ఎన్ని చేతులు దాటిందో మటుకు ఎక్కడా లేదు.

రాత్రి వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి
తాడుకి గుడ్డపీలిక కట్టి గొట్టంలోంచి లాగాను.
మొదటిది నల్లగా వచ్చింది.
రెండోది ఇటుక రంగు.
మూడోది బూడిద.

కిటికీ అవతల, మంచు పట్టిన గడ్డిలో
రెండు కళ్ళు కాసేపు ఆగి, మెరిసి, పోయాయి.
సీజనుకి ఇంకా పదకొండు రోజులుంది.

నాలుగో పీలిక కట్టాను.
అదీ తెల్లగా రాలేదు.